పైథాన్‌లో ఒకే విలువను అన్ని ఫైళ్లలో వాడటం ఎలా? ఒకే టీవీకి రెండు ధరలు చూపించిన నా స్క్రిప్ట్ నేర్పిన పాఠం

2025 సెప్టెంబర్ 22, సోమవారం. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిన రోజు. దసరా నవరాత్రులు మొదలైంది కూడా ఆ రోజే. మా బాబాయ్‌కి ఊళ్లో చిన్న మొబైల్స్, టీవీల షాపు ఉంది. బిల్లు వేయడానికి వేరే సాఫ్ట్‌వేర్ వాడతాడు. కానీ టీవీల మీద అంటించే ధర ట్యాగులు, వాట్సాప్‌లో పంపే కొటేషన్లు, రాత్రి చూసుకునే స్టాక్ రిపోర్ట్ మాత్రం నేను బీటెక్ మూడో ఏడాదిలో రాసిచ్చిన పైథాన్ స్క్రిప్ట్‌తోనే నడుస్తున్నాయి.

ఆదివారం రాత్రి నేను హైదరాబాద్‌లో కూర్చుని ఎడిటర్‌లో 0.28 అని వెతికాను. రెండు ఫైళ్లలో దొరికింది. రెండు చోట్లా 0.18 అని మార్చి, ఫైళ్లు బాబాయ్ ల్యాప్‌టాప్‌కి పంపి హాయిగా పడుకున్నాను.

మర్నాడు పదకొండు గంటలకు ఫోన్. "ఏరా, ఒకే టీవీకి నీ కంప్యూటర్ రెండు ధరలు చెబుతోందేంట్రా?"

విషయం ఏంటంటే, 43 అంగుళాల టీవీ ఒకటి. టాక్స్ లేకుండా ధర 25,000. ట్యాగ్ మీద 29,500 అని ఉంది. అది కరెక్టే. కానీ పొద్దున్నే వాట్సాప్‌లో కస్టమర్‌కి వెళ్లిన కొటేషన్‌లో 32,000 ఉంది. ఆయన ఫోన్ పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి, "టాక్స్ తగ్గిందని ఊరంతా చెప్పుకుంటుంటే మీరు పాత టాక్సే వేస్తున్నారా?" అని అడిగాడట, నలుగురి ముందు. బాబాయ్ ట్యాగ్ ధరకే టీవీ ఇచ్చి పంపాడు. తర్వాత, ఆ పొద్దున కొటేషన్ వెళ్లిన మిగతా వాళ్లందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తప్పు జరిగిందని చెప్పుకున్నాడు. తప్పు నాది, మాట పడింది ఆయన.

కారణం వెతికితే ఒక్క నిమిషంలో దొరికింది. కొటేషన్ ఫైల్లో నేను 0.28 అని రాయలేదు. ధరను నేరుగా 1.28 తో గుణించాను. 0.28 అని వెతికితే 1.28 ఎక్కడ దొరుకుతుంది?

ఈ ఆర్టికల్ ఆ తప్పు గురించే. ఒక విలువ పది ఫైళ్లకు కావాలంటే దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎలా తెచ్చుకోవాలి, తెచ్చుకున్న తర్వాత అది మారితే ఏమవుతుంది అన్నవి పైథాన్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు ఒక చిన్న మాట. ఇక్కడ కోడ్ లైన్లను కూడా చదువుకోవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా నిజంగానే పనిచేస్తాయి. కానీ ఇంపోర్ట్, ఫ్రమ్, డెఫ్, ప్రింట్ లాంటివి మాత్రం మీరు ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 గానీ, టెర్మక్స్ గానీ ఉంటే చాలు.

స్టెప్ 1: విలువలన్నీ ఒకే ఫైల్లోకి

పరిష్కారం వినడానికి చాలా సింపుల్. సెట్టింగ్స్.పీవై అని ఒక కొత్త ఫైల్ తెరవండి. అందులో ఇలా రాయండి.

జీఎస్టీ_టీవీ = 0.18
జీఎస్టీ_మొబైల్ = 0.18
డిస్కౌంట్ = 0

ఇప్పుడు ట్యాగ్, కొటేషన్, రిపోర్ట్ ఫైళ్లలో ఎక్కడా 0.18 అనే అంకె కనిపించకూడదు. 1.18 అసలే కనిపించకూడదు. వాటి బదులు ఇలా ఉండాలి.

ఇంపోర్ట్ సెట్టింగ్స్
మొత్తం = ధర * (1 + సెట్టింగ్స్.జీఎస్టీ_టీవీ)

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో తరచూ అడిగే ప్రశ్నల పేజీ ఒకటి ఉంటుంది. గ్లోబల్ వేరియబుల్స్‌ని మాడ్యూళ్ల మధ్య ఎలా పంచుకోవాలి అనే ప్రశ్నకు అక్కడ చెప్పే జవాబు కూడా ఇదే. దీనికోసం ప్రత్యేకంగా ఒక మాడ్యూల్ పెట్టుకుని, కావాల్సిన ఫైళ్లన్నీ దాన్ని ఇంపోర్ట్ చేసుకోవాలి. చాలామంది ఆ ఫైల్‌కి కాన్ఫిగ్ అని పేరు పెడతారు, మనం సెట్టింగ్స్ అన్నాం. పేరు ఏదైనా పని ఒకటే.

ఇందులో ఇంకో లాభం ఉంది. టీవీకీ, మొబైల్‌కీ ఇవాళ రేటు 18 శాతమే అయినా నేను రెండు పేర్లు పెట్టాను. ఎందుకంటే అంకె ఒకటే అయినా విషయం వేరు. రేపు ఒకదాని రేటు మాత్రమే మారితే? ఒకే అంకె కనిపించిందని రెండు విషయాల్ని ఒకే పేరు కింద కలిపేస్తే, విడదీసే రోజున మళ్లీ ఫైళ్లన్నీ వెతుక్కోవాల్సి వస్తుంది.

స్టెప్ 2: ఇంపోర్ట్ చేసినప్పుడు లోపల ఏం జరుగుతుంది?

మూడు ఫైళ్లు సెట్టింగ్స్‌ని ఇంపోర్ట్ చేస్తే ఆ ఫైల్ మూడుసార్లు నడుస్తుందా? నడవదు. ఒక్కసారే నడుస్తుంది.

మొదటిసారి ఇంపోర్ట్ అనే మాట కనబడగానే పైథాన్ ఆ ఫైల్‌ని వెతికి, పై నుంచి కింది దాకా నడిపి, అందులోని పేర్లన్నీ పెట్టుకున్న ఒక మాడ్యూల్ ఆబ్జెక్ట్ తయారుచేస్తుంది. దాన్ని సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీలో దాచుకుంటుంది. రెండో ఫైల్ అదే మాడ్యూల్‌ని అడిగితే, మళ్లీ ఫైల్ తెరవకుండా, దాచుకున్నదాన్నే అందిస్తుంది. మూడో ఫైల్ అడిగినా అంతే.

అంటే ఆ మూడు ఫైళ్ల చేతిలో ఉన్నది ఒకే మాడ్యూల్, మూడు కాపీలు కాదు. షాపు గోడకి ఒక బోర్డు ఉందనుకోండి. ముగ్గురు సేల్స్ కుర్రాళ్లూ ధర కావాల్సినప్పుడల్లా ఆ బోర్డు వైపే చూస్తారు. బోర్డు మీద అంకె మార్చితే ముగ్గురికీ మారినట్టే.

స్టెప్ 3: ఫ్రమ్ వాడితే ఎందుకు పాత విలువ వస్తుంది?

ఇక్కడే నేను రెండోసారి దెబ్బతిన్నాను. కాబట్టి ఈ భాగం కాస్త నెమ్మదిగా చదవండి.

జీఎస్టీ గొడవ తర్వాత సెట్టింగ్స్ ఫైల్ పెట్టేశాను, అంతా బాగుంది. దసరా దగ్గర పడుతోందని బాబాయ్ ఇంకో కోరిక కోరాడు. "రోజూ డిస్కౌంట్ ఎంతో నేనే పొద్దున్నే కొట్టుకునేలా పెట్టరా, ప్రతిసారీ నీకు ఫోన్ చేయడం ఎందుకు?" సరే అని మెనూలో ఒక ఆప్షన్ ఇచ్చాను. ఆయన 1500 అని కొడితే, మెయిన్ ఫైల్ సెట్టింగ్స్.డిస్కౌంట్ విలువని 1500 గా మారుస్తుంది. ట్యాగుల్లో డిస్కౌంట్ వచ్చింది. కొటేషన్‌లో మాత్రం రాలేదు. మళ్లీ రెండు ధరలు! ఈసారి నేను అక్కడే ఉన్నాను కాబట్టి కస్టమర్‌కి వెళ్లకముందే పట్టుకున్నాం.

తేడా ఏంటో మీరే చేసి చూడండి. మూడు చిన్న ఫైళ్లు రాయండి.

సెట్టింగ్స్.పీవై లో:

ప్రింట్("సెట్టింగ్స్ చదివాను")
డిస్కౌంట్ = 0

కొటేషన్.పీవై లో:

ఫ్రమ్ సెట్టింగ్స్ ఇంపోర్ట్ డిస్కౌంట్
డెఫ్ చూపించు():
    ప్రింట్(డిస్కౌంట్)

మెయిన్.పీవై లో:

ఇంపోర్ట్ సెట్టింగ్స్
ఇంపోర్ట్ కొటేషన్
సెట్టింగ్స్.డిస్కౌంట్ = 1500
ప్రింట్(సెట్టింగ్స్.డిస్కౌంట్)
కొటేషన్.చూపించు()

మెయిన్ ఫైల్ నడిపితే స్క్రీన్ మీద మూడు లైన్లు వస్తాయి. మొదట "సెట్టింగ్స్ చదివాను", అదీ ఒక్కసారే. స్టెప్ 2లో చెప్పింది ఇదే. తర్వాత 1500. ఆ తర్వాత 0.

ఆ సున్నా ఎందుకొచ్చింది? పైథాన్‌లో వేరియబుల్ అంటే డబ్బా కాదు, ఒక వస్తువుకి కట్టిన చీటీ. "ఫ్రమ్ సెట్టింగ్స్ ఇంపోర్ట్ డిస్కౌంట్" అని రాసినప్పుడు, సెట్టింగ్స్‌లోని డిస్కౌంట్ అనే చీటీ ఆ క్షణంలో ఏ వస్తువుకి కట్టి ఉందో చూసి, అదే వస్తువుకి కొటేషన్ ఫైల్ తన సొంత చీటీ ఒకటి కట్టుకుంటుంది. రెండు చీటీలూ అప్పటికి 0 మీదే ఉన్నాయి. తర్వాత మెయిన్ ఫైల్ సెట్టింగ్స్ చీటీని విప్పి 1500 కి కట్టింది. కొటేషన్ చీటీని ఎవరూ ముట్టుకోలేదు. అది 0 మీదే ఉండిపోయింది.

బోర్డు పోలికలో చెప్పాలంటే, ఇద్దరు కుర్రాళ్లు బోర్డు చూస్తున్నారు. మూడోవాడు పొద్దున్నే బోర్డు చూసి అంకెని అరచేతిలో రాసుకున్నాడు. మధ్యాహ్నం బోర్డు మారింది. వాడు ఇంకా చెయ్యే చూసుకుని ధర చెబుతున్నాడు.

కొటేషన్ ఫైల్‌ని ఇలా మార్చండి.

ఇంపోర్ట్ సెట్టింగ్స్
డెఫ్ చూపించు():
    ప్రింట్(సెట్టింగ్స్.డిస్కౌంట్)

ఇప్పుడు రెండు చోట్లా 1500 వస్తుంది. మధ్యలో ఉన్న ఆ చుక్క ముఖ్యం. చుక్క పెట్టిన ప్రతిసారీ పైథాన్ మాడ్యూల్ దగ్గరికి వెళ్లి, ఇప్పుడు ఎంత ఉందో అడిగి వస్తుంది.

కాబట్టి గుర్తుంచుకోవాల్సిన రూల్ ఒక్కటే. ప్రోగ్రాం నడుస్తుండగా మారని విలువలకి ఫ్రమ్ వాడినా పర్లేదు. మారే విలువలకి మాత్రం మాడ్యూల్ పేరు, చుక్క, విలువ పేరు. ఈ వరసలోనే పిలవాలి.

మరి లిస్టుల సంగతి?

ఇక్కడ ఒక మెలిక ఉంది. సెట్టింగ్స్‌లో బ్రాండ్లు అనే లిస్ట్ ఉందనుకోండి. కొటేషన్ ఫైల్ దాన్ని ఫ్రమ్‌తోనే తెచ్చుకుంది. మెయిన్ ఫైల్ సెట్టింగ్స్.బ్రాండ్లు.అపెండ్ అని ఒక కొత్త బ్రాండ్ చేర్చితే, కొటేషన్‌లో కూడా ఆ కొత్త బ్రాండ్ కనిపిస్తుంది! ఇందాక చెప్పింది తప్పా? కాదు. అపెండ్ చేసినప్పుడు చీటీ ఎవరూ విప్పలేదు, వస్తువునే లోపల మార్చారు. రెండు చీటీలూ ఒకే లిస్టుకి కట్టి ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ కనిపిస్తుంది. అదే మెయిన్ ఫైల్ "సెట్టింగ్స్.బ్రాండ్లు = కొత్త లిస్ట్" అని రాస్తే, మళ్లీ పాత కథే.

"నా దగ్గర ఫ్రమ్ బాగానే పనిచేస్తోందే" అనే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాడు లిస్ట్ గానీ డిక్షనరీ గానీ వాడుతున్నాడేమో చూడండి.

స్టెప్ 4: పైథాన్‌లో కాన్‌స్టంట్ అసలు ఉందా?

సూటిగా చెప్పాలంటే లేదు. జావాస్క్రిప్ట్‌లో కాన్స్ట్ అని రాస్తే ఆ పేరుకి మళ్లీ ఇంకో విలువ ఇవ్వనివ్వదు. పైథాన్‌లో అలాంటి కీవర్డ్ లేదు. ఉన్నదల్లా ఒక మర్యాద మాత్రమే. పెప్ 8 అనే స్టైల్ గైడ్ ప్రకారం కాన్‌స్టంట్ల పేర్లు మొత్తం పెద్ద అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో రాస్తాం. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి ఇక్కడ చూపించలేను గానీ, మీ కోడ్‌లో జీఎస్టీ పేర్లు అన్నీ పెద్ద అక్షరాల్లో, డిస్కౌంట్ చిన్న అక్షరాల్లో ఉండాలి. చూడగానే ఏది మారదో, ఏది మారుతుందో తెలిసిపోతుంది.

కానీ ఎవరైనా కావాలని మార్చితే పైథాన్ ఆపదు. కొంచెం కాపలా కావాలంటే రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, టైపింగ్ మాడ్యూల్‌లోని ఫైనల్. ఇది పైథాన్ 3.8 నుంచి ఉంది. "జీఎస్టీ_టీవీ: ఫైనల్ = 0.18" అని రాస్తే, మైపై లాంటి టైప్ చెకర్ నడిపినప్పుడు ఆ పేరుని ఎక్కడైనా మార్చి ఉంటే తప్పు అని చూపిస్తుంది. అయితే ఇది చెకర్ చెప్పే మాటే. ప్రోగ్రాం నడిచేటప్పుడు మాత్రం పైథాన్ పట్టించుకోదు.

రెండోది, ఫ్రోజెన్ డేటాక్లాస్. డేటాక్లాస్‌లు పైథాన్ 3.7లో వచ్చాయి. ఫ్రోజెన్ అనే ఆప్షన్‌ని ట్రూ అని పెడితే, తయారైన ఆబ్జెక్ట్‌లో విలువ మార్చబోయిన వెంటనే ప్రోగ్రాం నడుస్తుండగానే ఎర్రర్ వస్తుంది. విలువలు పది దాటితే, వాటిని ఇలా ఒక గుత్తిగా కట్టుకోవడం మేలు.

లిస్ట్ బదులు టపుల్ వాడటం కూడా మంచి అలవాటు. టపుల్‌కి అపెండ్ ఉండదు, కాబట్టి ఇందాక చెప్పిన మెలిక రాదు.

స్టెప్ 5: ఇది నిజంగా కాన్‌స్టంటేనా?

ఇది నాకు నెలాఖరులో తెలిసొచ్చింది. సెప్టెంబర్ స్టాక్ రిపోర్ట్ తీస్తే, 1 నుంచి 21 దాకా అమ్మిన పెద్ద టీవీలకి కూడా 18 శాతమే లెక్కకట్టింది. సెట్టింగ్స్‌లో ఉన్నది అదొక్కటే కదా మరి. అప్పట్లో అమ్మినవి 28 శాతం మీద అమ్మినవి. కొత్త రేటు వచ్చినంత మాత్రాన పాత రేటు అబద్ధమైపోదు.

మొబైల్స్‌లోనూ అంతే. 2017 జులై 1న జీఎస్టీ మొదలైనప్పుడు ఫోన్ల మీద 12 శాతం. 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం. అంటే తేదీ చెప్పకుండా "ఫోన్ల మీద జీఎస్టీ ఎంత?" అనే ప్రశ్నకి ఒకే జవాబు లేదు. అలాంటప్పుడు దాన్ని ఒక అంకెగా కాకుండా పట్టికగా పెట్టాలి.

మొబైల్_రేట్లు = (("2017-07-01", 0.12), ("2020-04-01", 0.18))

దాని కిందే ఒక చిన్న ఫంక్షన్. ఇచ్చిన తేదీకి ముందు గానీ, అదే రోజు గానీ మొదలైన రేట్లలో చివరిది తిరిగిస్తుంది.

డెఫ్ మొబైల్_రేటు(తేదీ):
    జవాబు = నన్
    ఫర్ మొదలు, రేటు ఇన్ మొబైల్_రేట్లు:
        ఇఫ్ మొదలు <= తేదీ:
            జవాబు = రేటు
    రిటర్న్ జవాబు

తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో సున్నాలతో సహా రాస్తే, స్ట్రింగులుగా పోల్చినా వరస కరెక్ట్‌గానే వస్తుంది. పెద్ద ప్రాజెక్టులో అయితే డేట్‌టైమ్ మాడ్యూల్‌లోని డేట్ వాడండి.

ఒక విలువని కాన్‌స్టంట్ అని పిలిచే ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఇది: ఇది ఎప్పటికీ మారదా, లేక ఇవాళ్టికి మారలేదా? ఒక గిబిబైట్‌కి 1024 మెబిబైట్లు లాంటివి మొదటి రకం. టాక్స్ రేట్లు, డెలివరీ ఛార్జీలు, డాలర్ రేటు రెండో రకం.

స్టెప్ 6: గ్లోబల్ కీవర్డ్ మీద ఉన్న అపోహ

చాలామంది బిగినర్స్ గ్లోబల్ అని రాస్తే ఆ వేరియబుల్ ప్రోగ్రాం మొత్తానికీ గ్లోబల్ అయిపోతుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా. పైథాన్‌లో గ్లోబల్ అంటే ఆ ఒక్క ఫైల్ వరకే గ్లోబల్.

ఒక ఫంక్షన్ లోపల "డిస్కౌంట్ = 1500" అని రాస్తే, అది ఆ ఫంక్షన్‌కే పరిమితమైన కొత్త లోకల్ వేరియబుల్ అవుతుంది. పైన ఉన్న ఫైల్ స్థాయి డిస్కౌంట్‌నే మార్చాలంటే, ముందు "గ్లోబల్ డిస్కౌంట్" అని చెప్పాలి. పక్క ఫైల్‌తో దీనికి సంబంధం లేదు. పక్క ఫైల్లో ఉన్నదాన్ని మార్చాలంటే "సెట్టింగ్స్.డిస్కౌంట్ = 1500" అని చుక్కతో రాయడమే. దానికి గ్లోబల్ అనే మాట అవసరమే లేదు.

తరచూ తగిలే ఐదు దెబ్బలు

ఒకటి, గుండ్రంగా తిరిగే ఇంపోర్టులు. సెట్టింగ్స్ ఫైల్ కొటేషన్‌ని ఇంపోర్ట్ చేసి, కొటేషన్ మళ్లీ సెట్టింగ్స్ నుంచి ఏదో కావాలంటే, "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" అని ఎర్రర్ రావచ్చు. అంటే సగం నడిచిన ఫైల్ నుంచి ఇంకా పుట్టని పేరు అడుగుతున్నారని అర్థం. తప్పించుకోవడం తేలిక. సెట్టింగ్స్ ఫైల్ మీ మిగతా ఫైళ్లలో దేన్నీ ఇంపోర్ట్ చేయకూడదు. అందరూ దాని దగ్గరికి రావాలి, అది ఎవరి దగ్గరికీ వెళ్లకూడదు.

రెండు, ఫైల్ పేరు. మీ ఫైల్‌కి ర్యాండమ్.పీవై అని పేరు పెడితే, తర్వాత ర్యాండమ్ మాడ్యూల్ ఇంపోర్ట్ చేసినప్పుడు పైథాన్‌తో వచ్చినది కాకుండా మీదే దొరుకుతుంది. మనం నడిపే స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే పైథాన్ ముందుగా వెతుకుతుంది కాబట్టి.

మూడు, మెయిన్ ఫైల్లో విలువలు పెట్టడం. మీరు నేరుగా నడిపిన ఫైల్‌కి పైథాన్ లోపల వేరే పేరు ఇస్తుంది. కొటేషన్ ఫైల్ "ఇంపోర్ట్ మెయిన్" అని అడిగితే, ఆ పేరుతో ఏదీ దాచి లేదు కాబట్టి అదే ఫైల్‌ని రెండోసారి నడిపి ఇంకో కాపీ తయారుచేస్తుంది. ఒకే ఫైల్, రెండు మాడ్యూళ్లు, రెండు డిస్కౌంట్లు. అందుకే పంచుకునే విలువలు మెయిన్‌లో పెట్టొద్దు.

నాలుగు, రెండు టెర్మినళ్లు. ఒకే స్క్రిప్ట్‌ని రెండు విండోల్లో నడిపితే అవి రెండు వేరువేరు ప్రాసెస్‌లు. దేని మెమరీ దానిదే. ఒకదాంట్లో డిస్కౌంట్ మార్చితే రెండోదానికి తెలియదు. మల్టీప్రాసెసింగ్ మాడ్యూల్ వాడినా ఇంతే. థ్రెడ్లు మాత్రం ఒకే మెమరీ పంచుకుంటాయి. ప్రాసెస్‌ల మధ్య పంచుకోవాలంటే ఫైల్ గానీ డేటాబేస్ గానీ కావాలి. పైథాన్‌తోపాటే వచ్చే ఎస్‌క్యూలైట్ చిన్న పనులకి సరిపోతుంది.

ఐదు, ప్రోగ్రాం మూసేస్తే విలువ పోవడం. నడుస్తుండగా మార్చిన డిస్కౌంట్ మెమరీలోనే ఉంటుంది. సెట్టింగ్స్ ఫైల్లో ఉన్న 0 అలాగే ఉంటుంది. రేపు మళ్లీ తెరిస్తే 0 నుంచే మొదలు. గుర్తుండాలంటే జేసన్ ఫైల్లో రాసి, మొదలవగానే చదువుకోవాలి. ఇప్పుడు బాబాయ్ షాపులో అలాగే చేస్తున్నాం.

పాస్‌వర్డులు, కీలు సెట్టింగ్స్‌లో పెట్టొచ్చా?

వద్దు. సెట్టింగ్స్ ఫైల్ కోడ్‌తోపాటే గిట్‌లోకి వెళ్తుంది. ఒకసారి ఏపీఐ కీ గిట్‌లోకి వెళ్లాక, తర్వాతి కమిట్‌లో తీసేసినా హిస్టరీలో ఉండిపోతుంది. అలా జరిగితే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం. అందుకే రహస్యాలని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టి, ఓఎస్.ఎన్విరాన్ ద్వారా చదువుకోవాలి.

ఒక జాగ్రత్త. అక్కడి నుంచి వచ్చే ప్రతి విలువా స్ట్రింగే. మీరు 0 అని పెట్టినా "0" అనే అక్షరంగానే వస్తుంది. ఖాళీ కాని స్ట్రింగ్ దేన్నైనా పైథాన్ ట్రూ గానే లెక్కేస్తుంది కాబట్టి, "0" పెట్టి ఆఫ్ చేశాననుకున్న ఆప్షన్ ఆన్‌లోనే ఉంటుంది. అంకెలుగా మార్చుకున్నాకే వాడండి.

ఎప్పుడు పంచకూడదు?

ఇదంతా చదివి ప్రతి వేరియబుల్‌నీ సెట్టింగ్స్‌లోకి తోసేయకండి. ఎవరైనా, ఎక్కడి నుంచైనా మార్చగలిగే విలువలు ఎక్కువయ్యేకొద్దీ, తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కష్టమవుతుంది. మార్చే పని ఒక్క ఫైల్‌కే ఇవ్వండి. మా స్క్రిప్ట్‌లో డిస్కౌంట్‌ని మార్చే హక్కు మెయిన్ ఫైల్ మెనూకి మాత్రమే ఉంది, మిగతా ఫైళ్లు చదవడం వరకే.

ఇక లెక్కలు వేసే ఫంక్షన్లకైతే విలువని ఆర్గ్యుమెంట్‌గా పంపడం ఇంకా మంచిది.

డెఫ్ మొత్తం(ధర, రేటు, తగ్గింపు):
    రిటర్న్ ధర * (1 + రేటు) - తగ్గింపు

ఈ ఫంక్షన్‌ని టెస్ట్ చేయడానికి సెట్టింగ్స్ ఫైల్‌తో పనే లేదు. 25000, 0.18, 0 ఇస్తే 29,500 రావాలి. రాకపోతే తప్పు ఇక్కడే ఉంది, ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

ఇవాళ చేయాల్సిన పని

మీ దగ్గర ఇప్పటికే రాసిన ప్రాజెక్ట్ ఏదైనా తెరవండి. కాలేజీ మినీ ప్రాజెక్ట్ అయినా, టెలిగ్రామ్ బాట్ అయినా సరే. అందులో రెండు, అంతకంటే ఎక్కువ చోట్ల కనిపించే అంకెలు, ఫైల్ దారులు, లింకులు వెతకండి. నాలాగా ఒక రూపంలో వెతికి ఆగిపోవద్దు. 0.18 ఉంటే 1.18, 18, 118 కూడా వెతకండి. దొరికినవన్నీ ఒక ఫైల్లోకి చేర్చి, ఒక్కోదానికీ అది ఏంటో చెప్పే పేరు పెట్టండి. నడుస్తుండగా మారేవి ఏవో గుర్తించి, వాటిని చుక్కతోనే పిలుస్తున్నారో లేదో చూడండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఒక అంకె మార్చి ప్రోగ్రాం నడపండి. ఫలితం అన్ని చోట్లా మారితే మీ పని అయినట్టే. ఒక్క చోట మారకపోయినా అక్కడ ఇంకా ఎవరో అరచేతిలో అంకె రాసుకుని తిరుగుతున్నారని లెక్క.

మొన్న షాపుకి వెళ్తే బాబాయ్ ట్యాగ్ ఒక చేత్తో, ఫోన్‌లో కొటేషన్ ఇంకో చేత్తో పట్టుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాడు. "ఇంకా నమ్మకం రాలేదా బాబాయ్?" అంటే నవ్వి, "నీ మీద ఉందిరా, నీ కంప్యూటర్ మీదే ఇంకో పండగ దాకా చూస్తా" అన్నాడు. సెట్టింగ్స్ ఫైల్ కుదరడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ నమ్మకం మళ్లీ కుదరడానికి ఇంకా టైమ్ పట్టేలా ఉంది.